కుళాయి ముట్టుకుంటే షాక్: లాసన్స్ బే కాలనీలో ఒక ఇంటి కేసు

విశాఖ లాసన్స్ బే కాలనీలో, అలల చప్పుడు వినిపించేంత దూరంలో ఉన్న వీధి. 2001లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద పోర్షన్‌లో పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. పై పోర్షన్‌ని దసరా తర్వాత అద్దెకిచ్చారు. డిసెంబరులో నాకు ఫోన్ వచ్చింది. "వంటింట్లో కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది బాబూ, రెండు మూడు రోజుల్నుంచి పొద్దున పూట" అన్నారు పిన్నిగారు. మెయిన్ ఆపేయమని, నేను వచ్చేదాకా ఆ కుళాయి జోలికి, గీజర్ జోలికి వెళ్లొద్దని చెప్పి బయల్దేరాను. కుళాయిలో షాక్ అంటే తీరిక చూసుకుని వెళ్లే పని కాదు.

ఈ కేసుని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో ప్రమాదం ఉందని ఒక పరికరం రెండు నెలల ముందే చెప్పింది. దాని నోరు మూసేశారు. ఆ మూయించడానికి ముందు చేసిన పరీక్షలన్నీ మనం రోజూ చేసేవే, అందరం నమ్మేవే. ఆ పరీక్షలు ఎందుకు మోసం చేశాయో ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లకీ, ఇంటివాళ్లకీ ఇద్దరికీ తెలియాలి.

అసలేం జరిగింది

కింద పోర్షన్ డీబీలో, అంటే ఇంట్లోకి కరెంటు పంచే స్విచ్‌ల బాక్సులో, 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, 30 మిల్లీ ఆంపియర్లది. కరెంటు ఎటైనా లీకైతే సప్లై కట్ చేసే స్విచ్ అది. ఏసీ కొన్నప్పుడు వేయించారట. చాలాకాలం దాంతో ఏ ఇబ్బందీ లేదు. పై పోర్షన్‌కి వేరే మీటరు, వేరే డీబీ పెట్టించినప్పటి నుంచి తెల్లవారుజామున అది పడిపోవడం, అంటే కరెంటు కట్ చేయడం, మొదలైంది. పిన్నిగారు నాలుగున్నరకే లేస్తారు. గీజర్ వేస్తారు, మెట్ల దగ్గర లైటు వేసుకుని గేటు ముందు ఊడ్చి ముగ్గు పెడతారు. సరిగ్గా ఆ టైమ్‌లోనే ఇల్లంతా చీకటి. బాబాయిగారు లేచి ఆర్‌సీసీబీ పైకి లేపితే నిలిచేది కాదు. గీజర్ ఆపి లేపినా నిలిచేది కాదు. తెల్లగా తెల్లారాక మాత్రం మారు మాట్లాడకుండా నిలబడేది.

దగ్గర్లో పనిచేసే ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. గీజర్ ఆపినా పడుతోంది కాబట్టి గీజర్ మంచిదే అన్నాడు. అన్నింటికీ టెస్టర్ పెట్టి చూశాడు, ఎక్కడా వెలగలేదు. చివరికి "ఈ మిషనే పోయింది, కొత్తది తెచ్చేదాకా డైరెక్ట్ చేస్తాను" అని ఆర్‌సీసీబీ పై టెర్మినళ్ల నుంచి కింది టెర్మినళ్లకి రెండు వైరు ముక్కలు వేసేశాడు. వెళ్లే ముందు హోల్డర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టి, ఒక వైరు ఫేజ్‌లో, ఇంకొకటి ఎర్త్‌లో గుచ్చి వెలిగించి చూపించి, ఎర్తింగ్ బ్రహ్మాండంగా ఉందని భరోసా ఇచ్చాడు. కరెంటు పోవడం ఆగింది. కొత్త ఆర్‌సీసీబీ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన దగ్గరున్నవి టెస్టర్, బల్బు, కటింగ్ ప్లేయరు. మా పనిలో ఉన్నవాళ్లలో చాలామంది దగ్గర ఉండేవీ అవే.

కుళాయి దగ్గర కొలతలు

నేను వెళ్లేసరికి మెయిన్ ఆపే ఉంది. మొదట కుళాయికీ నేలకీ మధ్య ఎంత వోల్టేజీ ఉందో చూడాలి. ఇంట్లో నేల టైల్స్ మీద మీటరు పిన్ను పెడితే ఆ రీడింగ్‌ని నమ్మలేం. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో తడి మట్టి ఉంటే, అందులో పొడవాటి స్క్రూడ్రైవరు దించి, దానికి వైరు కట్టి వంటింటిదాకా లాక్కొచ్చాను. ఇద్దర్నీ వంటింటి బయట ఉంచి మెయిన్ వేసి, గీజర్ వేశాను. కుళాయి మీద 41 వోల్టులు. ఫ్రిజ్ బాడీ మీదా 41. వాషింగ్ మెషీన్ మీదా అదే. గీజర్ ఆపితే అన్నిచోట్లా మూడు వోల్టులకి పడిపోయింది.

డిజిటల్ మీటరు ఇలాంటి చోట లేని వోల్టేజీ కూడా చూపిస్తుంది. పక్కన కరెంటు వైరు వెళ్తున్నా చాలు, ఖాళీ వైరు మీద పదులకొద్దీ వోల్టులు కనిపిస్తాయి. అందుకని మీటరు రెండు పిన్నుల మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ చూస్తాను. ఉత్తుత్తి వోల్టేజీ అయితే దాదాపు సున్నాకి వచ్చేస్తుంది. ఇక్కడ 41 నుంచి 38కి మాత్రమే దిగింది. అంటే అది మనిషిలోంచి కరెంటు పంపగల నిజమైన వోల్టేజీ.

"టెస్టర్ పెట్టి చూసేం బాబూ, వెలగలేదు. మరేటి కారణం?" అన్నారు పిన్నిగారు. మంచి ప్రశ్న. మామూలు టెస్టర్‌లో ఉండేది చిన్న నియాన్ బల్బు. అది అంటుకోవడానికే అరవై, డెబ్భై వోల్టులైనా పడాలి. 41 వోల్టులున్న కుళాయికి టెస్టర్ పెడితే అది ఎప్పటికీ వెలగదు. కానీ తడి చేతితో, ఒట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడిన మనిషికి 41 వోల్టులు తక్కువేం కాదు. ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియర్ పోతే చురుక్కుమంటుంది. పది దాటిందంటే కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలడం కష్టమవుతుంది. పిన్నిగారు వంటింట్లో రబ్బరు చెప్పులు వేసుకుని తిరుగుతారు. ఆవిడకి జివ్వుమనడంతో సరిపోయింది.

గీజర్ బాత్రూమ్‌లో ఉంది. దానికీ వంటింటి కుళాయికీ ఏం సంబంధం? డాబా మీది ట్యాంకు నుంచి దిగే పాత ఇనుప పైపులు తీసేసి ప్లాస్టిక్ పైపులు వేయించారు. కానీ బాత్రూమ్‌కీ వంటింటికీ మధ్య గోడలో ఉన్న జీఐ (జింకు పూత ఇనుము) పైపు ముక్కని, టైల్స్ పగలగొట్టడం ఎందుకని అలాగే వదిలేశారు. వెనకటికి ఆ పైపులన్నీ నేలలోకి దిగి ఉండేవి కాబట్టి ఏదైనా లీకేజీ వస్తే మట్టిలోకి పోయేది. ఇప్పుడు అటూ ఇటూ ప్లాస్టిక్, మధ్యలో ఇనుము. గీజర్ బాడీకి ఏ వోల్టేజీ వస్తే కుళాయికీ అదే. ప్లంబింగ్ మార్పించుకున్న పాత ఇళ్లన్నింటిలో ఈ విషయం చూసుకోవాలి.

ఇక ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ ఎలా వచ్చింది? అన్ని మూడు పిన్నుల సాకెట్ల ఎర్త్ వైర్లూ డీబీలో ఒకే కడ్డీకి చేరతాయి. ఆ కడ్డీ నుంచి ఒక వైరు ఎర్త్ గొయ్యికి వెళ్తుంది. గొయ్యి బాగుంటే లీకైన కరెంటు అటు పోతుంది. గొయ్యి చచ్చిపోతే, ఒక వస్తువులో పుట్టిన లీకేజీని ఆ పచ్చ వైరే ఇంట్లో ఉన్న మిగతా వస్తువులన్నింటికీ పంచిపెడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఎర్త్ వైరు ఎంత ప్రమాదమో ఇక్కడ కళ్లారా కనిపించింది.

ఎర్త్ గొయ్యి

వైర్ల చుట్టూ పట్టించి కరెంటు కొలిచే లీకేజీ క్లాంప్ మీటరుని గీజర్ ఫేజ్, న్యూట్రల్ రెండింటికీ కలిపి పట్టించి, ఎంత లీకవుతోందో చూశాను. వేడెక్కాక 50 మిల్లీ ఆంపియర్లు. 41 వోల్టుల్ని ఆ 50తో భాగిస్తే ఎర్త్ రెసిస్టెన్స్ 820 ఓమ్‌లు వస్తుంది. ఇళ్లలో నేను 5 ఓమ్‌ల లోపు వచ్చేదాకా పని ముగించను. లెక్క ఒక్కటే చాలదు కాబట్టి గొయ్యికి వెళ్లే వైరు విడదీసి, పక్కనున్న ఖాళీ సైటులో మేకులు దించి, ఎర్త్ టెస్టర్‌తోనూ చూశాను. అదీ 800 దాటే చూపించింది.

అసలు గొయ్యి ఎక్కడుందో కనుక్కోవడమే ఒక పని అయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ ఇంటి కాంపౌండ్ వాల్ కూలిపోయింది. తిరిగి కట్టినప్పుడు గొయ్యి మీద మూతతో సహా గచ్చు వేసేశారు. అప్పటి నుంచి ఆ గొయ్యిలో ఎవరూ నీళ్లు పోయలేదు, మూత తీసి చూసే వీలూ లేకపోయింది. గోడ మీంచి దిగిన వైరు ఆనవాలు పట్టుకుని గచ్చు పగలగొట్టించాం.

పైపు కనబడింది. జీఐ పైపుకి బోల్టు, ఆ బోల్టుకి రాగి వైరు మెలితిప్పి కట్టి ఉంది. నేను వైరు పట్టుకుని కొంచెం లాగానంతే, బోల్టుతో పాటు పైపు మెడ ఊడి చేతిలోకి వచ్చేసింది. పైపు లోపల పొరలు పొరలుగా తుప్పు, గోరుతో గీస్తే రాలిపోతోంది. రాగి వైరు మీద ఆకుపచ్చ పొర. గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేయడం మన పాత పద్ధతి. ఉప్పు మట్టికి కరెంటు పోయే గుణం ఇస్తుంది, నిజమే. కానీ అదే ఉప్పు జింకు పూతని తినేసి, తర్వాత ఇనుముని తినేస్తుంది. రాగి, ఇనుము తేమలో ఒకదానికొకటి తగిలి ఉంటే ఇనుము ఇంకా తొందరగా పోతుంది. ఇక్కడి గాలిలోనే ఉప్పు ఉంది. బీచ్ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేయించేవాళ్లు కూడా, భూమిలో ఉన్న పైపు ఇరవై ఏళ్లకి ఏమవుతుందో ఆలోచించరు.

ఇప్పుడు ఆ ఎల్‌ఈడీ బల్బు సంగతి. వెనక వందవాట్ల ఫిలమెంటు బల్బుతో ఈ పరీక్ష చేసేవాళ్లం. దానికి దాదాపు 0.43 ఆంపియర్లు కావాలి, దాని సొంత రెసిస్టెన్స్ వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు. మధ్యలో 820 ఓమ్‌ల చచ్చిన ఎర్త్ ఉంటే బల్బు గుడ్డిగా ఎర్రగా వెలిగేది, అనుమానం వచ్చేది. అదే ఎర్త్ 60 ఓమ్‌లు ఉంటే మాత్రం కంటికి తేడా తెలిసేది కాదు. కాబట్టి ఆ పరీక్ష అప్పుడూ గొప్పదేం కాదు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీకైతే కావాల్సింది 40, 50 మిల్లీ ఆంపియర్లు. 820 ఓమ్‌ల మీదుగా వచ్చినా మధ్యలో పోయేది నలభై వోల్టులే. మిగతా 190తో లోపలి డ్రైవర్ బల్బుని నిండుగా వెలిగించేస్తుంది. అంటే ఎర్త్ దాదాపు లేనట్టే ఉన్న ఇంట్లో కూడా ఎల్‌ఈడీ బల్బు ధగధగా వెలుగుతుంది. ఈ పరీక్షని మా పనివాళ్లు మానేయాలని గట్టిగా కోరుతున్నాను. ఆర్‌సీసీబీ పనిలో ఉన్న ఇంట్లో అయితే బల్బు అంటించగానే అది పడిపోతుంది కూడా. దాన్ని డైరెక్ట్ చేశారు కాబట్టే అక్కడ వెలిగింది.

లోడు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్ ఎంసీబీ. అది కాపాడుతుందిలే అనుకోవడానికీ లేదు. రేపు గీజర్ ఎలిమెంటు పూర్తిగా పగిలి ఫేజ్ నేరుగా బాడీకి తగిలిందనుకోండి. 230 వోల్టులు, 820 ఓమ్‌లు, అంటే 0.28 ఆంపియర్లు. 20 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక లోడే కాదు. అది నిశ్చింతగా అలాగే ఉంటుంది, ఇంట్లో ఫ్రిజ్ తలుపు నుంచి కుళాయిదాకా ప్రతి లోహానికీ దాదాపు పూర్తి 230 వోల్టులు వచ్చేస్తాయి.

మెట్ల లైటు

గీజర్‌లో 50 మిల్లీ ఆంపియర్ల లీకేజీ ఉంది కాబట్టి ఆర్‌సీసీబీ పడిపోవడం న్యాయమే. మరి గీజర్ ఆపినా ఎందుకు పడింది? ఇది తేలకుండా కొత్త ఆర్‌సీసీబీ పెడితే మళ్లీ పడుతుంది, మళ్లీ ఎవరో ఒకరు దాన్ని డైరెక్ట్ చేస్తారు.

ఆర్‌సీసీబీ చేసే పని చాలా సాదా. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే కట్ చేసి తీరాలి. 15 దాటాక ఎక్కడైనా కట్ చేయొచ్చు. ఆ తేడా ఎటు పోయిందో దానికి తెలియదు. మనిషిలోంచి పోయినా, తడి గోడలోంచి పోయినా, ఇంకో పోర్షన్ న్యూట్రల్‌లోకి పోయినా దానికి ఒకటే.

నాకు మొదటి అనుమానం తెల్లవారుజాము మంచు తేమ మీదే. సముద్రం పక్క ఇల్లు, డాబా మీద జంక్షన్ బాక్సులు, ఇలాంటి చోట తేమకి లీకేజీ రావడం మామూలే. మెయిన్ ఆపి, ఏసీ, ఎలక్ట్రానిక్ వస్తువులు విడదీసి, వైర్ల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ చూశాను. లైట్లు, ఫ్యాన్ల వైరింగ్ బాగుంది, కనీసం ఉండాల్సిన ఒక మెగాఓమ్ కన్నా చాలా పైనే ఉంది. వైర్లలో లీకేజీ లేదు. అప్పుడు పిన్నిగారిని పొద్దున లేచాక చేసే పనులు వరసగా, ఒక్కో స్విచ్ వేసి చూపించమన్నాను. హాల్ లైటు, గీజర్, బాత్రూమ్ లైటు, తర్వాత మెట్ల లైటు. లైట్ల సర్క్యూట్ మీద క్లాంప్ పెట్టుకుని కూర్చున్నాను. మెట్ల స్విచ్ వేసిన క్షణం సున్నాకి దగ్గర్లో ఉన్న అంకె 50కి ఎగిరింది. స్విచ్ ఆపితే మళ్లీ సున్నా.

తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ తీసుకునే కరెంటు అంతా "లీకేజీ"గా కనిపిస్తోంది! అంటే ఆ లైటు ఫేజ్ కింది డీబీ నుంచి వెళ్తోంది, న్యూట్రల్ ఇంకెక్కడికో పోతోంది. పైకి వెళ్లి, అద్దెకున్నవాళ్లని అడిగి, వాళ్ల మెయిన్ ఆపాను. కింది ఫేజ్ మీద వెలుగుతున్న మెట్ల లైటు ఆరిపోయింది. సమాధానం దొరికేసింది.

ఇల్లంతా ఒకే మీటరు మీద ఉన్నప్పుడు ఆ లైటుకి ఫేజ్ కింది నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి లాగారు. అది మెట్లకి పైనా కిందా రెండు స్విచ్‌లున్న లైటు, వైరు కలిసొస్తుందని అలా చేసి ఉంటారు. అప్పుడు రెండు వైర్లూ చివరికి ఒకే ఆర్‌సీసీబీలోంచి వెళ్లేవి కాబట్టి లెక్క సరిపోయింది. పై పోర్షన్‌కి వేరే మీటరు పెట్టినప్పుడు పై న్యూట్రళ్లన్నీ కొత్త డీబీకి వెళ్లిపోయాయి. వాటితో పాటు మెట్ల లైటు న్యూట్రల్ కూడా వెళ్లిపోయింది. ఆర్‌సీసీబీ పడటం ఆ వారమే మొదలైంది. తెల్లారాక లైటు ఆపేస్తారు కాబట్టి తెల్లారాక నిలబడేది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది, అది మా పనివాళ్లది. పై మెయిన్ ఆపేసి, కరెంటు లేదనుకుని న్యూట్రల్ లింకు విప్పే మనిషికి, కింది నుంచి మెట్ల లైటు మీదుగా ఆ న్యూట్రల్‌లోకి వచ్చే ఫేజ్ తగులుతుంది. ఒక ఇంటిని రెండు మీటర్లుగా విడదీసేటప్పుడు మెట్ల లైటు, గేటు లైటు, బోరు మోటారు, కాలింగ్ బెల్ వంటి ఉమ్మడి వాటి ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే డీబీకి చేరాయో లేదో చూడటం తప్పనిసరి. అద్దెకివ్వడానికి పోర్షన్లు విడదీసిన పాత ఇళ్లు ఎంవీపీ కాలనీ నుంచి పెదవాల్తేరుదాకా ఎన్నో ఉన్నాయి. "ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది" అని ఫోన్ వస్తే, ఈమధ్య మీటరు గానీ ఇన్వర్టర్ గానీ కొత్తగా పెట్టించారా అనే నేను మొదట అడుగుతాను.

గీజర్, ఏసీ

గీజర్ విప్పితే ఎలిమెంటు రాగి తొడుగు మీద తెల్లటి సున్నం గట్టిగా పేరుకుని, కింద సన్నని చీలిక కనబడింది. మెగ్గర్‌లో చల్లగా ఉన్నప్పుడు 0.05 మెగాఓమ్, వేడి చేశాక దాదాపు సున్నా. ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్ పూర్తిగా కరిగిపోయి తీగ మాత్రం మిగిలింది. ఆ ఇంట్లో వాడేది బోరు నీరు, ఉప్పగా ఉంటుంది. అలాంటి నీళ్లకి ఈ రాడ్ తొందరగా అరిగిపోతుంది, రెండేళ్లకోసారైనా తీసి చూసుకోవాలి. ట్యాంకు బాగానే ఉంది కాబట్టి ఎలిమెంటు, గాస్కెట్, రాడ్ మార్చాం.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు గోడకి ఉంది. టెర్మినల్ బ్లాక్ మూత తీస్తే వైర్ల చివర్లు ఆకుపచ్చగా, మధ్యలో తడి ఉప్పు పొర. దాని లీకేజీ ఒక్కటే ఐదు మిల్లీ ఆంపియర్లు. శుభ్రం చేసి, వైరు చివర్లు కత్తిరించి కొత్త లగ్గులు వేశాక ఒకటి కన్నా తక్కువకి వచ్చింది. గీజర్, మెట్ల లైటు పక్కన పెట్టినా ఆ ఇంటి మామూలు లీకేజీ తొమ్మిది దాకా ఉండేది. ఎలక్ట్రానిక్ వస్తువుల ఫిల్టర్ల నుంచి కొద్దిపాటి లీకేజీ ఎప్పుడూ ఉంటుంది, అది జబ్బు కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెనక ఈ మామూలు లీకేజీ తొమ్మిది లోపే ఉంచుకుంటే అనవసరంగా పడదు. ఇప్పుడు ఐదు లోపే ఉంది.

చేసిన పని

మూడు మీటర్ల పొడవు, రాగి పూత ఉన్న రాడ్లు రెండు దించాం. రెండింటి మధ్య మూడు మీటర్ల పైన ఎడం, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి మిశ్రమం. ఉప్పు వేయలేదు. అక్కడి ఇసకలో కొంచెం లోతుకే తేమ తగులుతుంది కాబట్టి రాడ్డు దించడం తేలికైంది. ఎండాడ, సాగర్ నగర్ వైపు ఎర్రమట్టి, రాతి నేలల్లో ఇంత తేలిగ్గా అవదు, అక్కడ ఇంకో రాడ్డు లెక్కలో వేసుకోవాలి. రెండు రాడ్లూ కలిపి, 16 స్క్వేర్ ఎంఎం పచ్చ రాగి వైరు పైపులోంచి డీబీకి తెచ్చాం. రీడింగ్ 4.8 ఓమ్‌లు. గొయ్యికి తెరవగలిగే మూత పెట్టాం. గోడలో ఉన్న జీఐ పైపుకి కూడా క్లాంప్ వేసి ఎర్త్ కడ్డీకి కలిపాం.

మెట్ల లైటు పాత న్యూట్రల్‌ని పై డీబీలో విప్పి, చివర మూసేసి, కింది డీబీ నుంచి కొత్త న్యూట్రల్ లాగాం. గోడలో పైపు మూసుకుపోవడంతో మెట్ల వెంబడి కేసింగ్ వేయాల్సి వచ్చింది. బాబాయిగారికి అది చూడ్డానికి నచ్చలేదు, రంగు వేయించుకుంటే కలిసిపోతుందని చెప్పాను.

పాత ఆర్‌సీసీబీని, అలాంటివాటిని పరీక్షించే మీటరుకి పెట్టి చూస్తే 24 మిల్లీ ఆంపియర్ల దగ్గర చక్కగా పడింది. అది పాడైందన్న మాట అబద్ధం. అయినా దాన్ని తిరిగి వాడలేదు. డైరెక్ట్ వైర్లు వదులుగా బిగించడంతో టెర్మినళ్లు వేడెక్కి ప్లాస్టిక్ నల్లబడింది. పైగా అది 'AC' టైపుది (ఎయిర్ కండిషనర్ ఏసీతో దీనికి సంబంధం లేదు). 'AC' టైపు అంటే మామూలు లీకేజీ కరెంటుని మాత్రమే గుర్తించేది. ఇన్వర్టర్ ఏసీ, కొత్తరకం వాషింగ్ మెషీన్ వంటి వాటిలో తప్పు జరిగితే లీకయ్యే కరెంటు సగం సగం అలలుగా ఉండొచ్చు, దాన్ని పట్టేది 'A' టైపు. అందుకని 'A' టైపు పెట్టాం. గీజర్‌కి విడిగా ఆర్‌సీబీవో వేశాం, అంటే ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ ఒకటే చేసేది. ఇకమీద గీజర్‌లో ఏదైనా జరిగితే ఇల్లంతా చీకటి కాకుండా ముందుగా గీజర్ లైనే ఆగే అవకాశం ఎక్కువ. మొత్తం ఖర్చు, కూలీతో సహా, 30,000 లోపే అయింది.

"ఎర్త్ ఇంత బాగా వచ్చింది కదా, ఇంక ఆర్‌సీసీబీ ఎందుకు?" అని బాబాయిగారు అడిగారు. లెక్క వేసి చూపించాను. 4.8 ఓమ్‌ల ఎర్త్‌లోకి ఫేజ్ నేరుగా తగిలితే 48 ఆంపియర్లు పోతాయి. 20 ఆంపియర్ల సీ కర్వ్ అనే రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. 48కి అది వేడెక్కి పడేసరికి చాలా సెకన్లు పడుతుంది. ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే సెకనులో మూడో వంతు లోపు కట్ చేస్తుంది. ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ ఉంటే, అది పడేది మనిషికి తగిలాకే. ఆర్‌సీసీబీ లేకుండా ఎర్త్ ఉంటే, తప్పు జరిగాక ఆ కొన్ని సెకన్లు గాలిలో దీపం. రెండూ కావాలి.

టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కమన్నాను. నొక్కి పడిపోతే ఎర్త్ బాగున్నట్టేనా అని కూడా అడిగారు. కాదు. ఆ బటన్ లోపలే చిన్న తేడా సృష్టించి యంత్రం కదులుతుందో లేదో చూస్తుంది. ఎర్త్ వైరు అసలు లేని ఇంట్లోనూ అది పడుతుంది. ఎర్త్ సంగతి మీటరుతోనే తేలాలి.

పని ముగిశాక గీజర్ వేసి, పెరటి మట్టికీ కుళాయికీ మధ్య మళ్లీ మీటరు పెట్టాను. 0.1 వోల్టు కూడా లేదు. ఆ రీడింగ్, మెగ్గర్ అంకెలు, ఎర్త్ ఓమ్‌లు, తేదీ అన్నీ ఒక కాగితం మీద రాసి డీబీ తలుపు లోపల అంటించాను. తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కి ఆ అంకెలు ఉపయోగపడతాయి.

మిగిలిన పనులు రెండు. పై పోర్షన్ డీబీలో ఆర్‌సీసీబీ లేనే లేదు. అద్దెకున్నవాళ్లకి చిన్న పిల్లలున్నారు. సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నారు బాబాయిగారు, పండగ ముందే పెట్టించుకోమని నేను పట్టుబట్టాను, ఒప్పుకున్నారు. రెండోది, 4.8 ఓమ్‌లు వానాకాలం తడి ఇంకా ఆరని నేలలో వచ్చిన అంకె. మే నెలలో నేల ఎండిపోయాక మళ్లీ కొలవాలి, ఐదు దాటితే మూడో రాడ్డు దించాలి. దానికి చోటు గేటు పక్కన ఇప్పుడే గుర్తుపెట్టి, అక్కడ గచ్చు వేయొద్దని చెప్పి వచ్చాను.